పొగ మానేశాక షుగర్ ఎందుకు పెరిగింది?

ప్రశ్న: డాక్టర్ గారికి నమస్కారం. నాకు 52 ఏళ్లు. ఎరువుల దుకాణం నడుపుతున్నాను. ఆరేళ్లుగా షుగర్ ఉంది. మెట్‌ఫార్మిన్, గ్లిమెపిరైడ్ కలిసిన మాత్ర రెండు పూటలా వేసుకుంటున్నాను. ఇరవై ఏళ్లకు పైగా రోజుకు పన్నెండు సిగరెట్ల దాకా కాల్చేవాడిని. మా అమ్మాయి పట్టుబట్టడంతో నాలుగు నెలల క్రితం పూర్తిగా మానేశాను. మానేస్తే షుగర్ తగ్గుతుందని అందరూ అన్నారు. కానీ పరగడుపున 130 దగ్గర ఉండేది ఇప్పుడు 150 దాటుతోంది. రెండు మూడు నెలల సగటు చక్కెరను చూపే హెచ్‌బీఏ1సీ పరీక్షలో 7.1 నుంచి 7.4కు వచ్చింది. మూడు కిలోల బరువు కూడా పెరిగాను. కాల్చాలనిపించినప్పుడల్లా సోంపో, పిప్పరమెంటు బిళ్లో నోట్లో వేసుకుంటున్నాను. కాఫీ ఎప్పటిలాగే రోజుకు నాలుగైదు సార్లు తాగుతాను. తోటి వ్యాపారి ఒకాయన "సిగరెట్ షుగర్‌ను కరిగిస్తుంది, రోజుకు రెండు కాల్చు, అదే సర్దుకుంటుంది" అంటున్నారు. ఆయన మాటలో నిజం ఉందా?
- ఒక పాఠకుడు, తెనాలి

జవాబు: ఆయన మాటలో నిజం లేదు. అయితే మీ గ్లూకోమీటరు చూపిస్తున్నది నిజమే. పొగ మానేసిన తొలి ఏడాదిలో మధుమేహం ఉన్న కొందరికి రక్తంలో చక్కెర కొద్దిగా పెరుగుతుందన్నది వైద్యులకు తెలిసిన విషయమే. మానేయమని గట్టిగా చెప్పే మేము ఈ సంగతిని కూడా అంతే గట్టిగా ముందే చెప్పాలి. అలా చెప్పనందువల్లే మీలాంటివారు ఎంతో కష్టపడి సాధించినదాన్ని రెండు అంకెలు చూసి వదులుకునే దాకా వస్తున్నారు. అందుకే ఈ జవాబు కాస్త వివరంగా రాస్తున్నాను.

ముందుగా సిగరెట్ మీ చక్కెరను ఇన్నాళ్లూ ఏం చేసిందో చూద్దాం. పొగ పీల్చిన కొద్ది సెకన్లలోనే నికోటిన్ మెదడుకు చేరుతుంది. దాని ప్రేరణతో అడ్రినల్ గ్రంథులు అడ్రినలిన్‌ను విడుదల చేస్తాయి. ఏదో ఆపద ముంచుకొచ్చినట్టుగా కాలేయం, గాదెలో ధాన్యంలా దాచి ఉంచిన చక్కెరను రక్తంలోకి వదులుతుంది. అదే సమయంలో కొవ్వు కణాల నుంచి కొవ్వు ఆమ్లాలు రక్తంలోకి చేరి, కండరాల మీద ఇన్సులిన్ ప్రభావాన్ని తగ్గిస్తాయి. ఇన్సులిన్ ఉన్నా అది సరిగా పనిచేయని ఈ స్థితినే ఇన్సులిన్ నిరోధకత అంటాం. రోజుకు పన్నెండు సిగరెట్లంటే ఈ తతంగం పన్నెండు సార్లు జరుగుతుంది. దీనికి తోడు, పొగలోని ఇతర రసాయనాలు ఒళ్లంతా సన్నని వాపును రగిలిస్తూ ఉంటాయి. పొగ తాగేవారు పైకి సన్నగా కనిపించినా, వారి పొట్ట లోపల అవయవాల చుట్టూ కొవ్వు ఎక్కువగా పేరుకుంటుంది. ఇవన్నీ కలిసి పొగ తాగేవారికి టైప్ 2 మధుమేహం వచ్చే అవకాశాన్ని తాగనివారికన్నా 30 నుంచి 40 శాతం పెంచుతాయని అమెరికా సర్జన్ జనరల్ 2014 నివేదిక తేల్చి చెప్పింది. కాల్చే సిగరెట్ల సంఖ్య పెరిగేకొద్దీ ఆ ముప్పు కూడా పెరుగుతుంది. కాబట్టి సిగరెట్ షుగర్‌ను కరిగించదు, పెంచుతుంది.

మరి మానేశాక తగ్గాల్సింది పోయి పెరగడమేమిటని మీరు అడుగుతారు. నికోటిన్ ఆకలిని చంపుతుంది, ఒంట్లో శక్తి ఖర్చును కొంత పెంచుతుంది. రోజుకు ఒక పెట్టెకు మించి కాల్చేవారిలో ఈ అదనపు ఖర్చు సుమారు 200 కెలోరీలు ఉంటుంది. అంటే దాదాపు ఒక చిన్న గిన్నెడు అన్నం. మానేసిన రోజు నుంచి ఆ ఖర్చు ఆగిపోతుంది, ఆకలి తిరిగి వస్తుంది, నాలుకకు రుచి తెలుస్తుంది, చేతికీ నోటికీ ఏదో ఒక పని కావాలనిపిస్తుంది. అందువల్ల చాలామందికి బరువు పెరుగుతుంది. మందుల సాయం లేకుండా పొగ మానేసినవారి మీద జరిగిన అనేక అధ్యయనాలను కలిపి 2012లో లెక్కగడితే, ఏడాది తిరిగేసరికి పెరిగిన బరువు సగటున నాలుగున్నర కిలోలకు కాస్త ఎక్కువగా తేలింది. అందులో ఎక్కువ భాగం మొదటి మూడు నెలల్లోనే వచ్చింది. అయితే ఆరుగురిలో ఒకరు బరువు తగ్గారు కూడా. మీరు పెరిగిన మూడు కిలోలు ఈ సగటుకు లోపలే ఉన్నాయి.

మధుమేహం ఉన్నవారి సంగతికి వస్తే, బ్రిటన్‌లో పొగ తాగే టైప్ 2 రోగులు 10 వేల మందికి పైగా వైద్య రికార్డులను పరిశీలించి 2015లో ఒక అధ్యయనాన్ని ప్రచురించారు. వారిలో పొగ మానేసి కనీసం ఏడాది పాటు దాని జోలికి వెళ్లనివారికి తొలి ఏడాది హెచ్‌బీఏ1సీ సగటున 0.21 శాతం పెరిగింది. ఆ తర్వాత తగ్గుతూ వచ్చి, మూడేళ్లకు పొగ కొనసాగించినవారితో సమానమైంది. ఈ పెరుగుదలకు బరువు ఒక్కటే కారణమని ఆ అధ్యయనంలో తేలలేదన్నది కూడా మీరు గమనించాలి. అంటే బరువు పెద్దగా పెరగనివారికి కూడా చక్కెర కొద్దిగా పెరగవచ్చు. మీకు పెరిగిన 0.3 శాతం ఆ సగటుకు దగ్గరగానే ఉంది. దీన్ని మందులో చిన్న మార్పుతో సరిదిద్దవచ్చు.

ఇక మీ ఉత్తరంలో నాకు బాగా ఉపయోగపడిన విషయం, మీరు మామూలుగా రాసేసిన సోంపు, బిళ్లల సంగతి. హోటల్లో బిల్లుతో పాటు తెచ్చి పెట్టే రంగురంగుల సోంపు మీద ఉన్న పూత అంతా పంచదారే. పిప్పరమెంటు బిళ్ల కూడా దాదాపు మొత్తం పంచదారే. రోజుకు పది బిళ్లలు చప్పరిస్తే నాలుగైదు చెంచాల పంచదార తిన్నట్టే. మీరు టీలో చక్కెర మానేసి ఉండవచ్చు, కానీ అది మరో దారిన లోపలికి వస్తోంది. పూత లేని, వేయించిన సోంపు, ఒక లవంగం, ఒక యాలక్కాయ, దోసకాయ ముక్కలు, పల్చని మజ్జిగ వంటివి దగ్గర పెట్టుకోండి. కాల్చాలన్న ఆ తహతహ సాధారణంగా కొద్ది నిమిషాలకు మించి ఉండదు. ఆ కాసేపూ దుకాణం దాటి వీధి చివరి దాకా నడిచి రాగలిగితే రెండు పనులూ అవుతాయి. ముఖ్యంగా భోజనం తర్వాత పది పదిహేను నిమిషాల నడక తిన్న తర్వాతి చక్కెరను కళ్లకు కనిపించేంతగా తగ్గిస్తుంది. చాలామందికి సిగరెట్ గుర్తుకొచ్చేది కూడా భోజనమైన వెంటనే కనుక ఆ నడకను అప్పుడే పెట్టుకోండి.

కాఫీ గురించి చాలామందికి తెలియని మాట ఒకటి ఉంది. పొగలోని కొన్ని రసాయనాలు కాలేయంలో కెఫీన్‌ను విరగ్గొట్టే ఎంజైమును ఉత్తేజపరుస్తాయి. అందుకే పొగ తాగేవారి ఒంట్లో కెఫీన్ త్వరగా ఖర్చైపోతుంది. మానేసిన కొద్ది రోజుల్లోనే ఆ ఎంజైము నెమ్మదిస్తుంది. అప్పుడు అవే నాలుగు కప్పుల కాఫీ దాదాపు రెట్టింపు కెఫీన్‌లా పనిచేస్తుంది. గుండె దడ, చేతుల వణుకు, నిద్ర పట్టకపోవడం, చిరాకు వస్తాయి. వీటిని పొగ మానడం వల్ల వచ్చిన బాధలనుకుని చాలామంది మళ్లీ సిగరెట్ ముట్టిస్తారు. నిద్ర సరిగా లేకపోతే మరునాడు చక్కెర కూడా పెరుగుతుంది. కాఫీని సగానికి తగ్గించండి, సాయంత్రం తర్వాత పూర్తిగా మానండి. ఆస్తమాకు వాడే థియోఫిలిన్, మానసిక జబ్బులకు వాడే క్లోజాపైన్, ఒలాంజపైన్ వంటి మందుల విషయంలోనూ ఇదే జరుగుతుంది. అవి వాడేవారు పొగ మానేముందే తమ వైద్యుడికి చెప్పి, మోతాదు చూసుకోవాలి.

మీరు ఇప్పుడు చేయవలసింది ఇది. రెండు వారాల పాటు పరగడుపున ఒకసారి, ఏదో ఒక పూట భోజనం మొదలుపెట్టిన రెండు గంటలకు ఒకసారి పరీక్షించుకుని, పక్కనే ఆ పూట ఏం తిన్నారో కూడా ఒక నోటు పుస్తకంలో రాయండి. ఆ పుస్తకం తీసుకుని మీ వైద్యుడి దగ్గరకు వెళ్లి, పొగ మానేసిన సంగతి ముందుగా చెప్పండి. మెట్‌ఫార్మిన్ మోతాదు పెంచడమా, గ్లిమెపిరైడ్ బరువు పెంచే మందు కనుక దాని స్థానంలో బరువు పెంచని మరో మందు ఇవ్వడమా అన్నది మీ మూత్రపిండాల పరీక్షలు చూసి ఆయన నిర్ణయిస్తారు. మాత్రలు మీ అంతట మీరే పెంచుకోవద్దు. హెచ్‌బీఏ1సీ గడిచిన రెండు మూడు నెలల సగటును చూపిస్తుంది కాబట్టి, మార్పు చేశాక మూడు నెలల లోపు మళ్లీ చేయించినా ప్రయోజనం ఉండదు.

రోజుకు రెండు సిగరెట్ల సలహా గురించి ఇంకా ఒక మాట చెప్పాలి. రెండు దగ్గర ఆగేవారు అరుదు, ఆగినా ఆ రెండింటినే మరింత గాఢంగా పీలుస్తారు. రోజుకు ఒక్క సిగరెట్ కాల్చేవారికి కూడా, ఇరవై కాల్చేవారికి ఉండే అదనపు గుండెజబ్బు ముప్పులో దాదాపు సగం ఉంటుందని 2018లో వెలువడిన ఒక విశ్లేషణ చూపింది. మధుమేహం ఉన్నవారికి అసలు భయం గుండె, కాళ్ల రక్తనాళాల గురించే. నికోటిన్ రక్తనాళాలను ముడుచుకునేలా చేస్తుంది, పొగ వాటి లోపలి పొరను దెబ్బతీస్తుంది. షుగర్, పొగ ఒకే మనిషిలో కలిసినప్పుడు మానని కాలి పుండ్లు, వేలు తీసేయాల్సిన పరిస్థితి, మూత్రపిండాల జబ్బు, గుండెపోటు ఎంత త్వరగా వస్తాయో చూసినవాణ్ని కనుక ఇంత గట్టిగా చెబుతున్నాను. అమెరికాలో నర్సులు, ఇతర వైద్య వృత్తులవారిని దశాబ్దాల తరబడి గమనించి 2018లో ప్రచురించిన మరో అధ్యయనంలో, పొగ మానేశాక పది కిలోలకు పైగా బరువు పెరిగినవారిలో కూడా గుండె, రక్తనాళాల జబ్బులతో మరణించే ముప్పు పొగ కొనసాగించినవారికన్నా మూడింట రెండు వంతులు తక్కువగా ఉంది. అదే అధ్యయనంలో, పొగ మానేశాక కొన్నేళ్ల పాటు కొత్తగా మధుమేహం వచ్చే అవకాశం పెరిగినా, బరువు పెరగకుండా చూసుకున్నవారిలో ఆ పెరుగుదల కనిపించలేదు. మీ హెచ్‌బీఏ1సీలో పెరిగిన 0.3 శాతాన్ని ఈ లాభం పక్కన పెట్టి చూడండి.

ప్రశ్న: మా వారికి 45 ఏళ్లు, షుగర్ ఉంది. నిద్ర లేవగానే బీడీ ముట్టించందే మంచం దిగరు. మానాలని ఆయనకూ ఉంది. నికోటిన్ చూయింగ్ గమ్ కొందామంటే, అందులోనూ నికోటినే కదా, షుగర్ పెరుగుతుందేమోనని భయంగా ఉంది. ఇ-సిగరెట్ మేలని మరొకరు అంటున్నారు.
- ఒక పాఠకురాలు, కరీంనగర్

జవాబు: మీ భయం అర్థం లేనిది కాదమ్మా. నికోటిన్ ఏ రూపంలో లోపలికి వెళ్లినా ఇన్సులిన్ పనిని కొంత అడ్డుకుంటుంది. అందుకే ఏళ్ల తరబడి గమ్ నములుతూ ఉండిపోవడం మంచిది కాదు. కానీ గమ్ నుంచి నికోటిన్ నెమ్మదిగా, తక్కువగా అందుతుంది. బీడీ పొగతో వచ్చే కార్బన్ మోనాక్సైడ్, తారు, వేల రకాల ఇతర రసాయనాలు అందులో ఉండవు. మూడు నెలల పాటు వాడి, క్రమంగా తగ్గించి మానేసే గమ్‌కూ, జీవితాంతం కాల్చే బీడీకీ పోలికే లేదు.

అయితే దీన్ని మామూలు చూయింగ్ గమ్‌లా ఆపకుండా నమిలేస్తే నికోటిన్ అంతా లాలాజలంతో కడుపులోకి పోయి ఎక్కిళ్లు, వికారం, గుండెలో మంట వస్తాయి. అసలు పని మాత్రం జరగదు. చాలామంది "గమ్ నాకు పడలేదు" అనడానికి కారణం ఇదే. నెమ్మదిగా కొన్నిసార్లు నమలాలి. నాలుకకు మిరియం కొరికినట్టు ఘాటు తగలగానే ఆపి, గమ్‌ను బుగ్గకూ చిగురుకూ మధ్య పెట్టుకోవాలి. ఘాటు తగ్గాక మళ్లీ నమిలి, ఈసారి రెండో వైపు పెట్టుకోవాలి. ఇలా ఒక్కో గమ్‌ను అరగంట దాకా వాడవచ్చు. కాఫీ, నిమ్మరసం, కూల్‌డ్రింకు వంటివి నోటిలోని ఆమ్లాన్ని పెంచి నికోటిన్ ఇంకకుండా చేస్తాయి కనుక, గమ్‌కు ముందు పావుగంట నుంచి అది అయ్యేదాకా వాటిని తాగకూడదు. గమ్‌లు 2 మిల్లీగ్రాములు, 4 మిల్లీగ్రాముల మోతాదుల్లో దొరుకుతాయి. లేచిన అరగంటలోపే కాల్చేవారికి సాధారణంగా 4 మిల్లీగ్రాములది అవసరమవుతుంది. దానికి వైద్యుడి చీటీ తీసుకోండి. చక్కెర లేని రకమో కాదో పెట్టె మీద చూసి కొనండి.

మాత్రల గురించి కూడా హెచ్చరించాలి. పొగ మానడానికి వాడే బుప్రోపియాన్ వల్ల కొందరికి మూర్ఛ (ఫిట్స్) వచ్చే అవకాశం ఉంటుంది. షుగర్ మాత్రలు గానీ ఇన్సులిన్ గానీ వాడేవారిలో ఆ అవకాశం ఇంకాస్త ఎక్కువ. వరెనిక్లిన్ అనే మరో మందు బాగా పనిచేస్తుంది గానీ, మూత్రపిండాలు బాగా దెబ్బతిన్నవారికి దాని మోతాదు తగ్గించాలి. కాబట్టి ఎవరో వాడారని మందుల దుకాణంలో అడిగి కొనవద్దు. ఇ-సిగరెట్ల తయారీ, అమ్మకం, దిగుమతి మన దేశంలో 2019 చట్టం ప్రకారం నిషిద్ధం, అందువల్ల ఆ దారి వద్దు. సిగరెట్, బీడీ పెట్టెల మీద ముద్రించే 1800-11-2356 నంబరుకు ఫోన్ చేస్తే పొగ మానడానికి ఉచితంగా సలహాలు ఇస్తారు. ఆయన చేతే చేయించండి.

ప్రశ్న: మాది శ్రీకాకుళం జిల్లాలో ఒక పల్లె. మా అమ్మమ్మకు 68 ఏళ్లు. చిన్నప్పటి నుంచి అడ్డపొగ, అంటే నిప్పున్న కొనను నోట్లో పెట్టుకుని చుట్ట కాల్చడం అలవాటు. పదేళ్లుగా షుగర్ ఉంది. "నేను పొగ లోపలికి పీల్చనే, నాకేమీ కాదు" అంటుంది. ఈ వయసులో మాన్పించడం అవసరమా?
- ఒక పాఠకురాలు

జవాబు: అవసరమే. చుట్ట పొగకు క్షారగుణం ఎక్కువ. దానిలోని నికోటిన్ ఊపిరితిత్తుల దాకా వెళ్లకుండానే నోటి పొర నుంచి నేరుగా రక్తంలోకి ఇంకుతుంది. కనుక పీల్చినా పీల్చకపోయినా ఆమె చక్కెర మీద ప్రభావం ఉంటుంది. నిప్పున్న కొనను నోట్లో పెట్టుకోవడం వల్ల అంగిలి రోజూ కాలుతూ తెల్లబడి, మందమై, కొందరిలో కేన్సర్‌గా మారుతుంది. మీ ఉత్తరాంధ్ర తీరంలో అంగిలి కేన్సర్ ఎక్కువగా కనిపించడానికి కారణం ఈ అలవాటేనని ఎన్నో దశాబ్దాలుగా తెలుసు. షుగర్ ఉన్నవారికి నోటి పుండ్లు త్వరగా మానవు. చిగుళ్ల జబ్బు ముదిరితే చక్కెర అదుపు తప్పుతుంది, చక్కెర పెరిగితే చిగుళ్లు మరింత పాడవుతాయి. కాబట్టి ముందుగా ఆమెను దంత వైద్యుడి దగ్గరకు తీసుకెళ్లి అంగిలి చూపించండి. తెల్లని, ఎర్రని మచ్చ గానీ, రెండు వారాలు దాటినా మానని పుండు గానీ ఉంటే ఆలస్యం చేయవద్దు.

మాన్పించేటప్పుడు ఒక జాగ్రత్త తీసుకోవాలి. ఆమె గ్లిమెపిరైడ్, గ్లిక్లజైడ్ వంటి మాత్రలు వేసుకుంటుంటే, చుట్ట మానిన తొలి వారాల్లో నోరు బాగోలేదని అన్నం సరిగా తినని రోజున చక్కెర పడిపోవచ్చు. ఆ వయసులో కొద్దిగా పెరిగిన చక్కెరకన్నా పడిపోయిన చక్కెర ఎక్కువ ప్రమాదం. మాత్ర వేసుకున్నాక భోజనం తప్పకుండా చూడండి. చుట్టకు బదులు ఖైనీ, జర్దా కిళ్లీ అలవాటు చేయవద్దు. వాటిలోనూ ఉన్నది నికోటినే.

ప్రశ్న: నాకు 24 ఏళ్లు, టైప్ 1 డయాబెటిస్. రోజుకు నాలుగు ఇన్సులిన్ ఇంజెక్షన్లు. సిగరెట్ మానేసి పది రోజులైంది. చెమటలు, వణుకు, విపరీతమైన ఆకలి. ఇవి మానడం వల్ల వచ్చేవేనని స్నేహితులు అంటున్నారు. నిజమేనా?
- ఒక పాఠకుడు, హైదరాబాద్

జవాబు: కావచ్చు, కాకపోవచ్చు. లక్షణాలను బట్టి ఊహించకుండా గ్లూకోమీటరుతో చూసుకోవాలి. ఆకలి, చిరాకు, తల బరువు, ఏకాగ్రత లేకపోవడం నికోటిన్ మానినప్పుడు రావడం సహజం. మొదటి వారంలో ఎక్కువగా ఉండి, ఆకలి తప్ప మిగతావి మూడు నాలుగు వారాల్లో తగ్గుతాయి. కానీ చెమటలు, వణుకు, దడ చక్కెర పడిపోయినప్పటి గుర్తులు. సిగరెట్ కాల్చినప్పుడు చర్మంలోని సన్నని రక్తనాళాలు ముడుచుకుని, ఇంజెక్షన్ చేసిన ఇన్సులిన్ నెమ్మదిగా ఇంకుతుంది. పైగా పొగ తాగేవారికి ఇన్సులిన్ ఎక్కువ మోతాదులో కావాల్సి వస్తుంది. ఇప్పుడు మీరు మానేశారు కనుక, పాత మోతాదు మీకు ఎక్కువై ఉండవచ్చు. వారాలు గడిచేకొద్దీ ఇన్సులిన్ ఇంకా బాగా పనిచేయడం మొదలవుతుంది కనుక ఈ మార్పు ఒక్క రోజుతో ఆగదు.

లక్షణం వచ్చిన ప్రతిసారీ పరీక్షించండి. 70 కన్నా తక్కువ ఉంటే మూడు చెంచాల గ్లూకోజ్ పొడి నీళ్లలో కలిపి తాగి, పదిహేను నిమిషాలకు మళ్లీ చూడండి. అప్పటికీ 70 దాటకపోతే మళ్లీ అంతే తాగండి. పరీక్షించే వీలు లేకపోతే, చక్కెర పడిపోయినట్టే భావించి గ్లూకోజ్ తీసుకోవడం క్షేమం. వచ్చే రెండు వారాల పాటు పడుకునేముందు, వీలైతే కొన్ని రాత్రులు మూడు గంటల ప్రాంతంలో కూడా చూసుకోండి. ఒక్కసారి 70 కిందికి వచ్చినా ఆ అంకెలతో మీ వైద్యుడికి అదే రోజు ఫోన్ చేయండి. ఏ పూట ఇన్సులిన్ ఎన్ని యూనిట్లు తగ్గించాలో ఆయన చెబుతారు.